బహిరంగముగా నుండు రహస్యము

బోరబండ పొరుగున సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998 నవంబరులో. మరునెలలోనే, సందేశములను గుప్తలిపిగా మార్చు ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ తొలి కూర్పు వెలువడినది. ఎరిక్ యంగ్, టిమ్ హడ్సన్‌ల ఎస్‌ఎస్‌ఎల్‌ఈఏవై దానికి మూలము. ప్రోగ్రాము పాఠము బహిరంగము, రహస్యమంతయు తాళపుచెవిలోనే.

యూనిక్స్ యంత్రముపై దానిని నెలకొల్పువారు కాన్ఫిగ్, మేక్, మేక్ టెస్ట్, మేక్ ఇన్‌స్టాల్ అను ఆజ్ఞలను వరుసగా నిత్తురు. మొదటిది యంత్రము తీరు కనిపెట్టును. రెండవది పాఠమును యంత్రభాషలోనికి మార్చును. తొందరపడువారు దాటవేయునది పరీక్షించు మూడవదానినే. ఇది నాకు సమ్మతము గాదు.

అయినను పరీక్షలు సర్వమును పట్టవు. 2012 మార్చిలో 1.0.1 కూర్పుతో వచ్చిన హార్ట్‌బ్లీడ్ లోపము 2014 ఏప్రిల్‌లో గాని బయటపడలేదు. సర్వరు జ్ఞాపకములోని తాళపుచెవులు సైతము పరులకు చిక్కు వీలేర్పడెను. సవరించిన కూర్పు ఎక్కించుటతో సరిపోలేదు. పాత తాళపుచెవులను రద్దుచేసి క్రొత్తవి చేసికొనవలసి వచ్చెను.