వేళ్లు అమెరికావి, పళ్లు ఫ్రాన్సువి

1860లలో దక్షిణ ఫ్రాన్సులో ద్రాక్షతోటలు ఎండిపోసాగాయి. ఎండిన మొక్కను పీకి చూస్తే వేరు కుళ్లి ఉండేది, పురుగు జాడ మాత్రం ఉండేది కాదు. 1868 జూలైలో మోంపెలియే నగరం నుంచి ముగ్గురు పరిశీలకులు వచ్చారు. వారిలో వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాంషోన్ ఒకరు. వాళ్లు పచ్చగా ఉన్న తీగను తవ్వించారు. వేళ్ల నిండా కంటికి ఆనీ ఆనని పసుపుపచ్చ పురుగులు! వేరు చచ్చాక అవి పక్క తీగకు పోతాయి. శవపరీక్షలో దొరక్కపోవడానికి కారణం అదే.

అది ఫైలోక్సెరా, పేనుబంకకు చుట్టం. అమెరికా తీగలతోపాటు ఓడ దిగింది. అక్కడ అడవి ద్రాక్ష ఆకులమీద బుడిపెలు కట్టించే పురుగూ ఇదీ ఒకటేనని మిస్సోరి కీటకశాస్త్రవేత్త చార్లెస్ రైలీ తేల్చాడు. మరి ఆ అడవి తీగలు చావవేం? పురుగు కుట్టిన చోట వాటి వేరు బెరడు పొర కట్టి గాయాన్ని మూసేస్తుంది. యూరప్ తీగ వేరైతే ఉబ్బి పగులుతుంది, ఆ పగుళ్లలోకి శిలీంధ్రాలు దిగి కుళ్లిస్తాయి.

వైద్యాలకు కొదవ లేదు. తోటలను వారాల తరబడి నీట ముంచారు, మట్టిలోకి కార్బన్ డైసల్ఫైడ్ ఎక్కించారు. తీగ కింద బతికున్న కప్పను పాతినవాళ్లూ ఉన్నారు. మందు కనిపెట్టినవారికి ఇస్తానన్న బహుమానాన్ని 1874లో ప్రభుత్వం 3 లక్షల ఫ్రాంకులకు పెంచింది, చివరికి ఎవరికీ ఇవ్వలేదు. అమెరికా తీగలు తట్టుకుంటున్నాయని 1869లోనే చెప్పిన బోర్డో రైతు లాలిమాన్ అడిగినా ఇవ్వలేదు. పురుగును తెచ్చిందే అతనన్న అనుమానం మరి!

అమెరికా పళ్ల రుచి ఫ్రెంచివాళ్లకు పడలేదు. కాబట్టి అంటు కట్టారు: వేరుమూలం అమెరికాది, పై కొమ్మ తమది. వినడానికి ఇంతే. చేయడానికి పాతికేళ్లు పట్టింది. మొదట తెప్పించిన లాబ్రస్కా జాతి పురుగును సరిగా ఆపలేదు. రిపారియా, రుపెస్ట్రిస్ ఆపాయి గానీ, కొన్యాక్ ప్రాంతపు సున్నపు నేలల్లో ఆకులు పాలిపోయి చచ్చాయి. పురుగు గురించి అంత ఆలోచించినవాళ్లు నేలను మరిచారు. 1887లో ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ వియాలా సున్నపు నేలలో బతికే అడవి ద్రాక్షను వెతుక్కుంటూ అమెరికా వెళ్లాడు. టెక్సాస్‌లోని డెనిసన్‌లో ఉండే ద్రాక్ష నిపుణుడు టి.వి. మన్సన్ బెర్లాండియేరి జాతి గురించి చెప్పాడు. దాని కొమ్మ నాటితే ఓ పట్టాన వేరు పట్టదు, అందుకే ఇతర జాతులతో సంకరం చేశారు. ఇప్పటికీ వాడుకలో ఉన్న వేరుమూలాల్లో చాలావాటి పుట్టుక ఇదే.

సంకరం ఏదైనా సరే అనుకోవడం మాత్రం పొరపాటు. ఆరమాన్ అనే యూరప్ రకాన్ని రుపెస్ట్రిస్‌తో కలిపిన ఏఎక్స్ఆర్1 వేరుమూలం యూరప్‌లో అప్పటికే పురుగుకు దెబ్బతింది. అయినా దిగుబడి చూసి కాలిఫోర్నియా దాన్నే నమ్ముకుంది. 1980ల నుంచి నాపా, సొనోమాల్లో వేల ఎకరాల తోటలు పీకి మళ్లీ నాటాల్సి వచ్చింది.