జామియాను నిలిపిన ఉపాధ్యాయులు

విద్యాలయమునకు భవనము, ధనము, ప్రభుత్వపు గుర్తింపు అత్యవసరములని లోకము తలంచును. ఈ మూడును కొఱవడినను ఉపాధ్యాయుల సంకల్పబలముచే నిలిచినది ఢిల్లీలోని జామియా మిలియా ఇస్లామియా. ఆ ఉపాధ్యాయులను కూడగట్టి పెంపొందించిన ప్రధానాచార్యులు డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు. వారు 1897 ఫిబ్రవరి 8వ తేదీన మన హైదరాబాదుననే జన్మించిరి.

సహాయ నిరాకరణోద్యమ కాలమున, ప్రభుత్వ సహాయముతో నడచు విద్యాలయములను విడువవలసినదని గాంధీమహాత్ముడు పిలుపునిచ్చెను. అలీగఢ్ కళాశాలను వీడి వచ్చిన అధ్యాపకులు, విద్యార్థులు 1920 అక్టోబరు 29వ తేదీన ఆ పట్టణముననే జామియాను నెలకొల్పిరి. జాకిర్ హుస్సేన్ గారు వారిలో నొకరు. కొన్ని యేండ్లకే ఉద్యమము చల్లారెను. దానితో వచ్చు నిధులును అడుగంటెను. విద్యాలయమును మూసివేయుదమను మాట పుట్టెను. హకీం అజ్మల్ ఖాన్ గారు అందులకు సమ్మతింపక 1925లో దానిని ఢిల్లీకి తరలించిరి. అవసరమైనచో జామియా కొఱకు తాను బిచ్చమెత్తుదునని గాంధీజీ వారికి ధైర్యము చెప్పెను. జర్మనీలో ఉన్నతవిద్య ముగించిన జాకిర్ హుస్సేన్ గారు ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్ అను మిత్రులతో 1926లో తిరిగివచ్చి, 29వ యేట ప్రధానాచార్య పదవిని స్వీకరించిరి.

1927 డిసెంబరులో అజ్మల్ ఖాన్ గారు మరణించిరి. దానితో జామియా దిక్కులేనిదయ్యెను. జీతములకే కటకట యేర్పడెను. అట్టి తరుణమున కొత్త ప్రధానాచార్యులు ఉపాధ్యాయులను ఆజ్ఞలతో బంధింపలేదు. విద్యాలయ భారమునే వారి చేతికిచ్చిరి. 1928లో ఉపాధ్యాయులొక సంఘముగా నేర్పడిరి. ఇరువదియేండ్లు జామియాను సేవింతుమనియు, నెలకు 150 రూపాయలకు మించి జీతము కోరమనియు ప్రతిజ్ఞ చేసిరి. అందరికంటె ముందు ఆ నియమమునకు కట్టుబడినవారు జాకిర్ హుస్సేన్ గారే. నాటినుండి పాలనాధికారము ఆ సంఘమునకే చెందెను. కొద్దిమంది ధనికులపై ఆధారపడుట మాని, పెక్కుమంది సామాన్యులనుండి చిన్న చందాలు పోగుచేయు పద్ధతి వచ్చెను.

పాఠము చెప్పుటకే పరిమితుడగు ఉపాధ్యాయుడు ఒకటే పుస్తకమును ఏటేటా వల్లించుచు కాలము గడపవచ్చును. బాధ్యత వహించిన ఉపాధ్యాయుడు నేర్చుకొనక తప్పదు. జామియాలో అట్లే జరిగెను. అబ్దుల్ గఫార్ మధోలీ గారు ప్రాథమిక పాఠశాలలో, బాలురు ఒక పనిని చేపట్టి దాని మూలముగా చదువు నేర్చు ప్రాజెక్టు పద్ధతిని ప్రవేశపెట్టిరి. జర్మనీ నుండి వచ్చిన గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అను విదుషి పసిపిల్లల పెంపకమునకు తన శేషజీవితమును ధారపోసెను. 1935 మార్చి 1వ తేదీన ఓఖ్లాలో నూతన భవనమునకు పునాదిరాయి వేయించినది ఏ ప్రభువుచేతను కాదు. పాఠశాలలోని అందరికంటె చిన్నబాలునిచేత. 1937లో వార్ధా విద్యాప్రణాళికా సంఘమునకు జాకిర్ హుస్సేన్ గారు అధ్యక్షులైరి. చేతిపని ద్వారా చదువు నేర్పు ఆ నూతన విధానమునకు తగిన ఉపాధ్యాయులు కావలసియుండిరి. అందులకై 1938లో జామియాలో ఉపాధ్యాయ శిక్షణాలయము వెలసెను.

1946 నవంబరులో జామియా రజతోత్సవము జరిగెను. దేశము మతకలహములతో అట్టుడుకుచున్న ఆ దినములలో నెహ్రూ, జిన్నా, ఆజాద్ గారలు ఒకే వేదికపై ఆసీనులైరి. ఈ ద్వేషాగ్నిని చల్లార్పుడని జాకిర్ హుస్సేన్ గారు వారి యెదుటనే వేడుకొనిరి. ఆ వేడుకోలు ఫలింపలేదు. మరుసటియేట కరోల్‌బాగులోని జామియా పుస్తక ప్రచురణశాల అల్లర్లలో దగ్ధమయ్యెను. అయినను పాఠములు ఆగిపోలేదు.

1948లో జాకిర్ హుస్సేన్ గారు అలీగఢ్ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులై వెడలిరి. ప్రధానాచార్యుని ఘనత ఆయన యున్నంతకాలము తెలియదు. ఆయన వెడలిన పిమ్మట తెలియును. ముజీబ్ గారు 1973 వరకు జామియాను నడపిరి. 1962లో దానికి విశ్వవిద్యాలయముతో సమానమగు ప్రతిపత్తియు, 1988లో కేంద్ర విశ్వవిద్యాలయ హోదాయు లభించెను. భారత రాష్ట్రపతిగా నుండగానే 1969 మే 3వ తేదీన పరమపదించిన జాకిర్ హుస్సేన్ గారి సమాధి జామియా ఆవరణముననే కలదు. ఆయన పెంచిన ఉపాధ్యాయులే ఆయనకు నిజమైన స్మారకచిహ్నము.