సంగం పిల్లల కాలేజీ ఖర్చు: నిన్నా, నేడూ

నెల్లూరు వి.ఆర్. హైస్కూలు 1920లో కాలేజీ అయ్యాక మన సంగం పిల్లలకు పై చదువు దగ్గరకొచ్చింది. డబ్బు మాత్రం దగ్గరకు రాలేదు.

1880ల్లో పెన్నమీద ఆనకట్ట కట్టిన తర్వాత ఇక్కడ వరి పంటకు భరోసా ఏర్పడింది. అయితే మాసూళ్లు మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఫీజు కట్టేది జూన్, జూలైలో. ఈలోగా వడ్ల డబ్బు పెళ్లిళ్లకూ పాత బాకీలకూ పోతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది.

ఉదయగిరి మెట్టవారికి మేకలు, పొట్టేళ్లే బ్యాంకు. 2023లో జూన్ 29న, 2024లో జూన్ 17న బక్రీద్ రావడంతో మంచి ధర ఫీజుల వేళకే అందింది. పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది గనుక ఈ వీలు ఎల్లకాలం ఉండదు.

తపాలా సేవింగ్స్ బ్యాంకు 1882 నుంచీ ఉంది. వడ్డీ ముట్టరాదని కొందరు పెద్దలు దాని జోలికి పోలేదు. వారిని నేను తప్పుపట్టను. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చినా గది అద్దె, మెస్సు, బస్సు ఛార్జీ ఇంటిమీదే పడ్డాయి.

ఇంట్లో డబ్బు నిలవదంటారు. మా వీధి ఖాలా ఒకావిడ మాసూలునాడే రెండు బస్తాల ధర మూటగట్టి ట్రంకుపెట్టెలో వేసేది. కొడుకు బి.కాం. ఫీజుకు తప్ప ఆ మూట విప్పలేదు.