ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ విమ్: తెరకు తగ్గట్టు ఎలా సర్దుకోవాలి?

ల్యాప్‌టాప్ కొనేదాకా ఆగకుండా ఫోన్‌లోనే టెర్మక్స్ వేసుకుని కోడింగ్ నేర్చుకునే పిల్లలు ఉన్నారు. చూసేవాళ్లకు గేమ్ ఆడుతున్నట్టే ఉంటుంది. వాళ్ల అసలు తిప్పలు వేరు. కాలేజీ ల్యాబ్‌లో చక్కగా కనిపించిన ప్రోగ్రామ్ ఫోన్‌లో తెరిస్తే చిందరవందరగా ఉంటుంది. దాన్ని సర్దబోయి ఫైల్‌నే పాడుచేసుకుంటారు.

టెర్మినల్ కొలత అంగుళాల్లో ఉండదు, అక్షరాల్లో ఉంటుంది. అడ్డంగా పట్టే అక్షరాలు కాలమ్‌లు, నిలువుగా పట్టేవి వరుసలు. 1928లో ఐబీఎం తెచ్చిన పంచ్ కార్డుకు 80 కాలమ్‌లు. 1978లో వచ్చిన డెక్ కంపెనీ వీటీ100 టెర్మినల్‌కు 80 కాలమ్‌లు, 24 వరుసలు. చాలా టెర్మినల్ విండోలు ఇప్పటికీ ఆ సైజులోనే తెరుచుకుంటాయి. నిలువుగా పట్టుకున్న ఫోన్‌లో దాదాపు సగమే పడతాయి.

పొడవాటి వరుసను విమ్ మడిచి చూపిస్తుంది. మడత తెర మీదే, ఫైల్‌లో వరుస ఒక్కటే. 'టెక్స్ట్‌విడ్త్' మాత్రం అలా కాదు. దానికి 40 ఇచ్చారంటే, టైప్ చేస్తుండగానే ఎంటర్ కొట్టినట్టు వరుసను నిజంగానే విరగ్గొడుతుంది. లెటర్ రాసుకోవడానికైతే ఫర్వాలేదు. పైథాన్ ప్రోగ్రామ్‌లోనో సర్వర్ సెట్టింగ్ ఫైల్‌లోనో అయితే ఎర్రర్ వచ్చి కూర్చుంటుంది. కాబట్టి తెర చిన్నదని టెక్స్ట్‌విడ్త్ జోలికి పోవద్దు. నానో ఎడిటర్ వాడేవాళ్లకూ ఇదే జాగ్రత్త. 2019లో వచ్చిన 4.0 కంటే పాత వెర్షన్లు మామూలుగా అడక్కుండానే వరుసను విరగ్గొట్టేవి. పాత సర్వర్లలో నానోను మైనస్ డబ్ల్యూ పెట్టి తెరవడం మేలు.

విమ్‌ఆర్‌సీ ఫైల్‌లో 'వ్రాప్', 'లైన్‌బ్రేక్', 'బ్రేక్‌ఇండెంట్' మూడూ ఆన్ చేసుకోవాలి. లైన్‌బ్రేక్ ఉంటే మడత మాట మధ్యలో పడదు. బ్రేక్‌ఇండెంట్ మడిచిన ముక్కను కూడా మొదటి ముక్క ఎంత లోపలికి ఉందో అంతే జరిపి చూపిస్తుంది. పైథాన్ చదివేవాళ్లకు ఇది లేకపోతే కళ్లు తిరుగుతాయి. మడతల్లో కిందికి రావాలంటే జీ నొక్కి జే, పైకి వెళ్లాలంటే జీ నొక్కి కే.

వరుస నంబర్లు కనీసం 4 కాలమ్‌లు తినేస్తాయి. తెర మీద ఉన్నవే 45 అయితే అది తక్కువేం కాదు. అందుకే విమ్‌ఆర్‌సీలో ఒక ఇఫ్ షరతు పెట్టుకోవచ్చు: కాలమ్‌లు 80కి తక్కువైతే 'నోనంబర్', లేదంటే 'నంబర్'. అయితే ఆ ఫైల్‌ను విమ్ తెరుచుకునేటప్పుడు ఒక్కసారే చదువుతుంది. మధ్యలో ఫోన్ అడ్డం తిప్పితే దానికి పట్టదు. అదే షరతును 'విమ్‌రీసైజ్డ్' ఆటోకమాండ్‌లో కూడా రాస్తే, తెర మారిన ప్రతిసారీ నంబర్లు వాటంతటవే వస్తాయి, పోతాయి.

ఇంత చేసినా తెర సగంలోనే ఆగిపోతే తప్పు విమ్‌ది కాకపోవచ్చు. షెల్‌లో 'ఎస్‌టీటీవై సైజ్' కొడితే ముందు వరుసలు, తర్వాత కాలమ్‌లు చూపిస్తుంది. సీరియల్ కేబుల్ మీద కలిపిన మెషీన్లకు తెర సైజు దానంతటది తెలియదు. అక్కడ ఎస్‌టీటీవైతోనే వరుసలు, కాలమ్‌లు చెప్పి, ఆ తర్వాత విమ్ తెరవాలి.