వెయ్యి రూపాయల కండెన్సర్ మైక్: ఇంట్లో రికార్డింగ్‌కు ఎంతవరకు పనికొస్తుంది?

ఆన్‌లైన్‌లో 'స్టూడియో మైక్' అని వెతికితే మొదట్లోనే ఒక బొమ్మ కనిపిస్తుంది. లావాటి గొట్టం, పైన మెరిసే జాలీ. దాంతో పాటు స్టాండు, స్పాంజి తొడుగు, కేబుల్ కూడా ఇస్తారు. ధర వెయ్యి రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది. చూడ్డానికి సినిమా పాటల రికార్డింగ్ ఫొటోల్లో గాయకుల ముందు ఉండే మైక్‌లాగే ఉంటుంది. బీఎం-800 అనే నంబరుతో, రకరకాల పేర్లతో అమ్ముడవుతున్న మైక్‌లు ఈ కోవలోవే.

పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాలనుకునేవారు, కథలు చదివి యూట్యూబ్‌లో పెట్టేవారు, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే టీచర్లు ఎక్కువగా ఇలాంటి మైక్‌తోనే మొదలుపెడుతున్నారు. నేను కొన్న కారణం వేరు. మా అమ్మమ్మకు ఎనభై ఏళ్లు దాటాయి. ఆమెకు వచ్చిన మంగళహారతులు, దంపుడు పాటలు మా ఇంట్లో ఇంకెవరికీ పూర్తిగా రావు. అవి రికార్డు చేసుకోవాలనుకున్నాను. సరిగ్గా రాకపోతే మళ్లీ పాడించుకోవచ్చులే అనుకునే పరిస్థితి కాదు. అందుకే ఊరికి వెళ్లే ముందు చవక మైక్‌లను ఇంట్లోనే పరీక్షించి చూశాను.

కండెన్సర్ మైక్ అంటే ఏమిటి?

కండెన్సర్ మైక్ లోపల రెండు పలకలు చాలా దగ్గరగా ఉంటాయి. ఒకటి కదలదు. రెండోది వెంట్రుక కన్నా పలుచని పొర. మాట తాకిడికి ఆ పొర కదిలినప్పుడు పలకల మధ్య దూరం మారుతుంది. దాంతో వాటి కెపాసిటెన్స్ మారి, విద్యుత్ సంకేతం పుడుతుంది. పొర తేలికైనది కాబట్టి చిన్న శబ్దానికీ కదులుతుంది. పెళ్లి పందిళ్లలో వాడే డైనమిక్ మైక్‌లలో పొరకు తీగచుట్ట అంటుకుని ఉంటుంది. ఆ బరువు వల్ల అవి అంత సున్నితంగా ఉండవు. కానీ గట్టి దెబ్బలకు తట్టుకుంటాయి.

ఈ పద్ధతిలో పనికొచ్చే మైక్‌ను 1916లో అమెరికాలో ఇ.సి. వెంటె రూపొందించారు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డు చేసినప్పుడు మైక్ లేదు. ఆమె పెద్ద గరాటులాంటి కొమ్ములోకి పాడాల్సి వచ్చింది. 1925 నుంచి విద్యుత్ రికార్డింగ్ రావడంతో మెల్లగా పాడినా నమోదు చేయడం సాధ్యమైంది. అందులో వెంటె మైక్‌ పాత్ర పెద్దది.

ఇంత చవగ్గా ఎలా ఇస్తున్నారు?

పాత కండెన్సర్ మైక్‌లలో పలకల మీద విద్యుదావేశం నిలబెట్టడానికి బయటి నుంచి ఎక్కువ వోల్టేజి ఇవ్వాలి. 1962లో బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ ఆ ఇబ్బందిని తప్పించారు. ఆవేశాన్ని శాశ్వతంగా పట్టి ఉంచే పలుచని ప్లాస్టిక్ పొరతో మైక్ తయారుచేశారు. దాన్నే ఎలక్ట్రెట్ అంటారు. ఆ తర్వాత ఇలాంటి మైక్‌లు టేప్ రికార్డర్లలో, టెలిఫోన్లలో కోట్ల సంఖ్యలో చేరాయి. వెయ్యి రూపాయల మైక్‌లో ఉండేదీ సాధారణంగా ఇదే. గొట్టం ఎంత పెద్దదైనా జాలీ విప్పి చూస్తే లోపల చిన్న బిళ్లంత ఎలక్ట్రెట్ ముక్క మాత్రమే కనిపిస్తుంది.

ఎలక్ట్రెట్ అంటే నాసిరకం అని కాదు. చాలామంది కొనే ఆడియో-టెక్నికా ఏటీ2020 కూడా శాశ్వత ఆవేశం ఉన్న మైకే. తేడా ఆ ముక్క నాణ్యతలో, దాని వెనకున్న సర్క్యూట్‌లో, తయారైన ప్రతి మైక్‌ను పరీక్షించే శ్రద్ధలో ఉంటుంది. ఒకే నంబరుతో అమ్మే చవక మైక్‌లు వేర్వేరు చోట్ల తయారవుతాయి. లోపలి సర్క్యూట్ కూడా ఒకేలా ఉండదు. స్నేహితుడి మైక్ బాగుందని అదే కొన్నా, మీకు వచ్చింది అలాగే ఉంటుందన్న భరోసా లేదు.

48 వోల్టుల సంగతి

ఆవేశం శాశ్వతమైనా, లోపలి సర్క్యూట్‌కు మాత్రం కరెంటు కావాలి. స్టూడియో మైక్‌లకు అది సంకేతం వచ్చే కేబుల్‌లోనే 48 వోల్టుల రూపంలో వెళ్తుంది. దీన్ని ఫాంటమ్ పవర్ అంటారు. 1966లో నార్వే రేడియో కోసం న్యూమన్ సంస్థ మైక్‌లు తయారుచేసినప్పుడు, అక్కడ అత్యవసర దీపాల కోసం అప్పటికే 48 వోల్టుల సరఫరా ఉంది. దాన్నే మైక్‌లకూ వాడారు. ఆ అంకె అలా స్థిరపడిపోయింది.

ల్యాప్‌టాప్ హెడ్‌సెట్ రంధ్రం ఇచ్చేది రెండు, మూడు వోల్టులే. చవక మైక్ పెట్టెలో వచ్చే కేబుల్ చాలాసార్లు ఆ రంధ్రంలో పెట్టడానికే ఉంటుంది. అలా పెట్టినా మైక్ పనిచేస్తుంది. కానీ ఎలా పనిచేస్తుందో పరీక్షలో తెలిసింది.

పరీక్షలో ఏం తేలింది?

ఒకే గది, ఒకే గొంతు, నోటికి జానెడు దూరం. ఒక పత్రికలోని పేరా చదివి, ఒక పాట చరణం పాడి నాలుగు రకాలుగా రికార్డు చేశాను.

మొదటిది, బీఎం-800 తరహా మైక్‌ను నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టడం. గొంతు చాలా చిన్నగా వచ్చింది. శబ్దం పెంచితే వెనక 'స్‌స్‌స్' అనే హోరు కూడా అంతే పెరిగింది. రేడియోలో స్టేషన్ సరిగ్గా తగలనప్పుడు వచ్చే చప్పుడు లాంటిది.

రెండోది, అదే మైక్‌ను 48 వోల్టులు ఇచ్చే ఆడియో ఇంటర్‌ఫేస్‌కు కలపడం. ఇది వేరే మైకా అనిపించేంత తేడా వచ్చింది. హోరు పూర్తిగా పోలేదు, కానీ మాటల మధ్య ఖాళీల్లో మాత్రమే వినిపించింది. శ, ష, స అక్షరాలు కాస్త గీరినట్టు వచ్చాయి. చవక మైక్‌లలో చాలావాటికి పై స్థాయి ధ్వనులను ఎక్కువ చేసి చూపే గుణం ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు అది 'స్పష్టత'లా అనిపిస్తుంది. అరగంట వింటే చెవి అలసిపోతుంది.

మూడోది, చొక్కాకు పెట్టుకునే కాలర్ మైక్‌ను ఫోన్‌కు కలపడం. ఇదీ ఎలక్ట్రెటే. అన్ని వైపుల నుంచీ శబ్దాన్ని తీసుకుంటుంది కాబట్టి గదిలోని చప్పుళ్లూ వచ్చాయి. కానీ గొంతు సహజంగా ఉంది. బట్ట రాసుకున్నప్పుడల్లా గరగర వినిపించింది.

నాలుగోది, ఏ మైకూ లేకుండా ఫోన్ ఒక్కటే. ఫోన్లలో ఉండే అతి చిన్న మైక్‌లు కూడా కండెన్సర్ కుటుంబానికి చెందినవే. దగ్గరగా పెడితే ఆశ్చర్యపోయేంత బాగా వచ్చింది. అయితే నేను వాడిన యాప్ దానంతటదే చప్పుడు తగ్గించే పని చేస్తూ మాటల చివర్లను మింగేసింది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ఆ చివరి అచ్చును మనం మెల్లగా వదిలేస్తాం. యంత్రం దాన్ని కూడా చప్పుడే అనుకుని కోసేస్తుంది. 'వచ్చాడు' కాస్తా 'వచ్చాడ్' అవుతుంది. ఆ సౌకర్యాన్ని ఆపేసే వీలున్న యాప్ వాడటం మంచిది.

అసలు శత్రువు ఫ్యాను

మైక్‌ల వివరాల్లో 'సెల్ఫ్ నాయిస్' అనే అంకె ఉంటుంది. ఏ శబ్దమూ లేనప్పుడు మైక్ తానుగా చేసే హోరు అది. రోడ్ ఎన్‌టీ1-ఎకు అది 5 డెసిబెల్స్, ఏటీ2020కి 20 డెసిబెల్స్. రాత్రిపూట నిశ్శబ్దంగా ఉన్న పడకగదిలో కూడా సుమారు 30 డెసిబెల్స్ శబ్దం ఉంటుంది. సీలింగ్ ఫ్యాను వేస్తే ఇంకా పెరుగుతుంది. అంటే ఫ్యాను తిరుగుతున్న గదిలో ఈ రెండు మంచి మైక్‌ల మధ్య హోరు తేడా దాదాపు వినిపించదు. ఫ్యాను చప్పుడే రెంటినీ కప్పేస్తుంది.

రెండో శత్రువు ప్రతిధ్వని. టైల్స్ లేదా గ్రానైట్ నేల, ఖాళీ గోడలు ఉన్న గదిలో మాట గోడలకు కొట్టుకుని తిరిగి వస్తుంది. సున్నితమైన మైక్ దాన్నీ పట్టేస్తుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ దాన్ని పూర్తిగా తీసేయలేం. బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చోండి. వెనక తాడుకు రెండు బొంతలు వేలాడదీయండి. గుడ్ల అట్టలు గోడకు అంటించడం వల్ల పెద్ద ఉపయోగం లేదు. అవి పలుచన, గొంతులోని కింది స్థాయి ధ్వనులను ఆపలేవు.

మూడోది దూరం. మైక్‌కు, నోటికి మధ్య దూరం సగానికి తగ్గిస్తే గొంతు 6 డెసిబెల్స్ బలంగా అందుతుంది, గది చప్పుడు మాత్రం అంతే ఉంటుంది. పైసా ఖర్చు లేని మెరుగుదల ఇది. మరీ దగ్గరైతే ప, బ, భ దగ్గర గాలి కొడుతుంది. మైక్‌ను నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకు పెడితే సరిపోతుంది. అలాగే, ఈ గొట్టం మైక్‌లలో మాట్లాడాల్సింది పై కొనలోకి కాదు, జాలీ ముందు వైపుకు.

కొన్న వెంటనే చేయాల్సిన పరీక్షలు

వాపసు గడువు ముగిసేలోపు ఇవి చేసి, హెడ్‌ఫోన్లతో వినండి.

ఒకటి: ఫ్యాను, ఏసీ ఆపి, ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం రికార్డు చేయండి. సమంగా వచ్చే హోరు ఫర్వాలేదు. చిటపటలు, గుయ్‌మనే మోత ఉంటే కేబుల్ మార్చి చూడండి. అప్పటికీ పోకపోతే తిప్పి పంపండి.

రెండు: 'పప్పు, భోజనం, శాస్త్రం, సంతోషం' లాంటి మాటలు జానెడు దూరం నుంచి చెప్పండి. గాలి దెబ్బ, గీరుడు ఎంతుందో తెలుస్తుంది.

మూడు: ముందు నుంచి, వెనక నుంచి ఒకే స్థాయిలో మాట్లాడండి. ఒక వైపు నుంచే తీసుకునే మైక్ అని రాసి ఉంటే వెనక మాట స్పష్టంగా తగ్గాలి.

పెట్టె మీద '20 హెర్ట్‌జ్ నుంచి 20 కిలోహెర్ట్‌జ్' అని రాసి ఉన్నా పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఆ పరిధిలో ఎక్కడ ఎన్ని డెసిబెల్స్ హెచ్చుతగ్గులున్నాయో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. 48 వోల్టులను కాలర్ మైక్‌కు ఎప్పుడూ ఇవ్వకండి, పాడైపోవచ్చు. తేమ ఎక్కువగా ఉండే తీర ప్రాంతాల్లో మైక్‌ను సిలికా జెల్ పొట్లంతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచండి. తేమ పడితే కండెన్సర్ మైక్ చిటపటమంటుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

ముందు గది, తర్వాత దూరం, ఆ తర్వాత ఇంటర్‌ఫేస్, చివరగా మైక్. చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు. వెయ్యి రూపాయల మైక్‌కు దానికి కొన్ని రెట్లు ధర ఉన్న ఇంటర్‌ఫేస్ కొనడం వింతగా అనిపిస్తుంది. కానీ రేపు మైక్ మార్చినా ఇంటర్‌ఫేస్ ఉంటుంది. అంత ఖర్చు వద్దనుకుంటే ల్యాప్‌టాప్‌కు కలిపే పెద్ద గొట్టం కన్నా ఫోన్‌కు కాలర్ మైకే మేలు. నేరుగా కలిపే యూఎస్‌బీ మైక్ మరో మధ్యేమార్గం. వీధి చప్పుడు ఆపలేని ఇంట్లో అయితే నోటికి దగ్గరగా పట్టుకునే డైనమిక్ మైక్ తేలిక.

చివరికి నేను ఊరికి కాలర్ మైక్, ఫోన్ మాత్రమే పట్టుకెళ్లాను. పెద్ద మైక్ ముందు కూర్చుంటే అమ్మమ్మ బిగుసుకుపోతుందని తెలుసు. చీర రాసుకోకుండా మైక్‌ను మంచం పక్కన చిన్న స్టూలుకు కట్టాను. తెల్లవారుజామున, ఫ్యాను ఆపి, తలుపు వేసి, పరుపుల గదిలో కూర్చున్నాం. రికార్డింగ్‌లో సన్నని హోరు ఉంది. రెండుసార్లు కోడి కూసింది. అయినా ప్రతి మాటా అర్థమవుతుంది, చివరి అచ్చుతో సహా.

మీరూ ఇలాంటి పని తలపెడితే 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. ఒక మైక్‌కు గంటకు సుమారు 520 ఎంబీ అవుతుంది. అసలు ఫైలును కదిలించకుండా రెండు చోట్ల దాచండి. హోరు తగ్గించే ప్రయోగాలు నకలు మీదే చేయండి. రికార్డింగ్ మొదట్లో పాడే మనిషి పేరు, ఊరు, తేదీ ఆమె నోటితోనే చెప్పించండి. మైక్ ఏదైనా, పదేళ్ల తర్వాత వినేవాళ్లకు ముందు కావాల్సినవి ఆ వివరాలే.