రంగులపెట్టె మన కొండలకు వచ్చిన దారి

చిత్రకళా చరిత్ర రాసేవారు వృత్తి చిత్రకారుల దగ్గర మొదలుపెట్టడం రివాజు. తెలుగునాట ఆధునిక నీటిరంగుల కథలో ముఖ్యమైన ఘట్టం మాత్రం ఒక కాలేజీ ప్రిన్సిపాలుగారి తీరిక వేళల్లో జరిగింది. ఆస్వాల్డ్ కూల్డ్రే 1909 నుంచి 1919 దాకా రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలు. జీతం ఆ ఉద్యోగానికి. బొమ్మలు వేయడం సొంత సరదా. ఆ సరదాలోకి ఆయన తన విద్యార్థులనూ లాగారు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు ఆ గుంపులోని వారే.

ఆ తర్వాతి కథ పాఠకులకు తెలిసినదే. రామారావు 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరాడు. తిరిగి వచ్చి 1923లో రాజమండ్రిలో చిత్రకళాశాల నెలకొల్పాడు. 1925 ఫిబ్రవరిలో మశూచికం సోకి, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. ఆయన బొమ్మలను ఈనాటికీ రాజమండ్రి ఆర్ట్ గ్యాలరీలో చూడగలుగుతున్నామంటే, మిత్రుడు వరద వెంకటరత్నం వంటివారు వాటిని పోగుచేసి కాపాడబట్టే. వేసినవాడి పేరు ఎంత గొప్పదో దాచినవాడి పేరూ అంత గొప్పదని నేననుకుంటాను. బ్యాంకు ఉద్యోగిని కదా, భద్రపరచడం అంటే కాస్త పక్షపాతం ఉండవచ్చు.

ఇంతకూ ఆ రంగులపెట్టె ఎక్కడిది? నీటిరంగును బిళ్ళగా పోతపోసి అమ్మే పద్ధతికి లండన్‌లోని విలియం రీవ్స్ 1781లో బహుమానం అందుకున్నాడు. అంతకు ముందు ఎవరి రంగు వారే నూరుకోవాలి. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు ట్యూబుకు పేటెంటు తీసుకున్నాక కొన్నేళ్లకే నీటిరంగులు కూడా ట్యూబుల్లోకి ఎక్కాయి. రంగు నూరే పని తప్పింది కాబట్టే గుమాస్తాలూ పంతుళ్లూ సాయంత్రంపూట కుంచె పట్టగలిగారు. తీరికవేళ చిత్రకారుడు అనే జాతి పుట్టింది ఈ పెట్టెలోంచే.

రెండో దారి బందరు మీదుగా వచ్చింది. 1903 ప్రాంతంలో జపాను నుంచి కలకత్తా వచ్చిన యొకొయామా తైకాన్, హిషిదా షున్సోల పనితనం చూసి అవనీంద్రనాథ్ ఠాకూర్ వాష్ పద్ధతిని రూపొందించుకున్నారు. పలచని రంగు వేయడం, కాగితాన్ని నీళ్లలో ముంచడం, ఆరనిచ్చి మళ్ళీ రంగు వేయడం ఆ పద్ధతి. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటర్జీ దాన్నే నేర్పారు. బాపిరాజు అక్కడా నేర్చుకున్నారు. ఆయన న్యాయవాది, ఉపాధ్యాయుడు, పత్రికా సంపాదకుడు, నవలాకారుడు. ఇన్ని పనుల మధ్య కుంచె వదలలేదు. తుమ్మపూడిలో సంజీవదేవ్ (1914–1999) మరో ఉదాహరణ. ఏ చిత్రకళాశాలలోనూ చదవకుండానే నీటిరంగులు, పాస్టెళ్లు వేస్తూ, దేశమంతటా కళాకారులతో ఉత్తరాలు నడిపిన మనిషి.

ఈ దారి మన కొరాపుట్, రాయగడల వరకు రాలేదనుకుంటే పొరపాటు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు ఈ కొండలు మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలోనివి. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన కవి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు మహాదాత. సరిహద్దు మారినా జనం రాకపోకలు ఆగలేదు. రైల్వేలు, సునాబెడా విమాన ఇంజన్ల కర్మాగారం, దామన్‌జోడి అల్యూమినా, రాయగడ కాగితం మిల్లు, బ్యాంకులు, బడులు, వీటన్నిటితో పాటు తెలుగు కుటుంబాలూ వచ్చాయి. వారి ట్రంకుపెట్టెల్లో అక్కడక్కడా ఒక రంగులపెట్టె కూడా ఉండేది.

నేను పనిచేసిన ఊళ్లలో ఇలాంటి వారిని చాలామందిని చూశాను. డ్రాయింగు మాస్టారు ఒకరు, రైల్వేలో సిగ్నళ్లు చూసే ఆయన, ఆసుపత్రిలో నర్సమ్మ ఒకావిడ, ఒడియా మిత్రులు ఇద్దరు ముగ్గురు. ఆదివారం ఎవరో ఒకరి క్వార్టర్సులో చేరేవాళ్లు. ఎవరైనా విశాఖపట్నం వెళ్తుంటే చీటీ రాసి ఇచ్చేవాళ్లు: ఫలానా నీలం ఒక ట్యూబు, ఆరో నంబరు కుంచె ఒకటి, దళసరి కాగితం నాలుగు షీట్లు. వచ్చిన కాగితాన్ని పాలు పంచుకున్నట్టు నాలుగేసి ముక్కలు చేసుకునేవాళ్లు. తెలుగు, ఒడియా కలగలిపి మాట్లాడుకున్నా, ఆకాశం రంగు ఎక్కువైందన్న విమర్శ అందరికీ అర్థమయ్యేది.

ప్రయోగాలు చేయక తప్పేది కాదు. కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. వానాకాలం నాలుగు నెలలూ కాగితం తేమ పీల్చి మెత్తబడుతుంది, రంగు బిళ్ళలకు బూజు పడుతుంది. ఒక పూత ఆరకముందే రెండోది వేస్తే బురద. బొగ్గుల కుంపటి మీద ఎత్తుగా పట్టి ఆరబెట్టేవారు. కాస్త ఏమరితే అంచు కమిలిపోయేది. అదే రాయగడ కొండల కింద ఉన్న ఊరు. అక్కడ ఎండాకాలంలో కుంచె షీటు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేలోగా రంగు ఆరి గీతలు పడుతుంది. ఆ మనుషులే, ఆ రంగులే, ఘాటు రోడ్డు దిగితే బొమ్మ మారిపోతుంది. కొరాపుట్‌లో బందరు వాష్ పద్ధతి బాగా కుదిరేది, రాయగడలో పెన్సిలూ సిరా కలానిదే రాజ్యం.

కాగితం సంగతి మరీ విచిత్రం. రాయగడ పక్కన జేకేపూర్‌లో 1962 నుంచి మిల్లు నడుస్తోంది. వెదురు లారీలు వెళ్తుంటే చూస్తూ పెరిగిన పిల్లలున్నారు. కానీ వెదురు, కర్ర గుజ్జుతో చేసేది రాతకూ అచ్చుకూ వాడే కాగితం. నీటిరంగుకు కావలసింది నూలు గుజ్జుతో చేసి, సరేసు పట్టించిన దళసరి కాగితం. అది ఎన్ని పూతల నీరైనా తట్టుకుంటుంది, ఏళ్లు గడిచినా పసుపు తిరగదు. కాగితం పుట్టే ఊళ్లో ఉండి బొమ్మ కాగితం కోసం విశాఖకు చీటీ రాయవలసి రావడం అందుకే.

రంగు నిలవడం మరో చిక్కు. ఇంగ్లండులో రస్సెల్, ఆబ్నీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1888లో నీటిరంగుల మీద ఒక నివేదిక ఇచ్చారు. వెలుతురు తగిలితే చాలా రంగులు వెలిసిపోతాయనీ, గాలి, తేమ కూడా తోడైతేనే ఆ హాని జోరందుకుంటుందనీ, గాలి తీసేసిన గొట్టంలో చాలా రంగులు నిలిచాయనీ అందులో తేల్చారు. మన కొండల తేమకు ఇది నేరుగా వర్తిస్తుంది. చవకరకం ఎరుపు, గులాబీ రంగులతో వేసిన సూర్యోదయాలు గోడ మీద కొన్నేళ్లుంటే మబ్బుపట్టిన ఉదయాలవుతాయి. మట్టిరంగులకు ఆ భయం లేదు.

ఆ మట్టి మన కాళ్ల కిందే ఉంది. మాస్టారు కొరాపుట్ ఎర్రమన్నును నీళ్లలో కలియబెట్టి, ఇసుక అడుగుకు దిగాక పై నీటిని వేరే గిన్నెలోకి వంచేవారు. ఆ నీటిలో పేరుకున్న మెత్తని ఒండ్రును ఆరబెట్టి, తుమ్మబంక నీళ్లతో, రెండు చుక్కల తేనెతో నూరేవారు. బంక ఎక్కువైతే పొర పెచ్చులూడేది, తక్కువైతే వేలికి అంటేది. కొట్లో దొరికే ఎర్రమట్టి రంగుకంటే అది కాస్త గరుకు. కానీ కొండవాలు వేయడానికి ఆ గరుకుతనమే బాగుండేదని నా అభిప్రాయం.

ఈ పనిలో మనకన్నా పాత గురువులు గుణుపురం వైపు సవరలు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వాళ్లు ఇడితాల్ బొమ్మ వేస్తారు. వెదురు పుల్లే కుంచె. అది సరదాకు వేసేది కాదు, పితృదేవతలకూ ఆత్మలకూ సమర్పించేది. సవర భాషకు వ్యాకరణం రాసి ప్రచురించినది పర్లాకిమిడి తెలుగు పంతులు గిడుగు రామమూర్తి. వారి బొమ్మల గురించి లోకానికి వివరంగా చెప్పినది వెరియర్ ఎల్విన్, 1951లోనూ 1955లోనూ వచ్చిన పుస్తకాల్లో. భాషకు గిడుగు, గోడకు ఎల్విన్, దామెర్లకు వరద దొరికారు. మన ఆదివారం చిత్రకారులకు ఎవరూ దొరకలేదు. పదవీ విరమణ తర్వాత వారు పిల్లల దగ్గరికి హైదరాబాదో బెంగుళూరో వెళ్లిపోతారు. బొమ్మలు అటక మీద, చెదలకు. వాటిలో తొలి రోజుల టౌన్‌షిప్పులు, సంతలు, గుళ్లు, ఇప్పుడు రూపుమారిన కొండలు ఉన్నాయి. ఈ ఊళ్ల తెలుగువారి జీవితానికి అలాంటి ఆధారాలు అట్టే లేవు.

మాస్టారి బొమ్మల్లో కొన్ని నా దగ్గరికి చేరాయి. ముందువైపు గులాబీ వెలిసింది, మట్టిరంగు అలాగే ఉంది. వెనకవైపు ప్రతిదాని మీదా పెన్సిలుతో ఊరు, నెల, ఏ వాగు గట్టు మన్నో, బంక ఎన్ని పాళ్లో, ఆరడానికి ఎన్ని రోజులు పట్టిందో తెలుగులో రాసి ఉంది. బొమ్మ కింద సంతకం మాత్రం ఒడియా లిపిలో.