మిక్స్ అండ్ మ్యాచ్

మిక్స్ అండ్ మ్యాచ్ ఇంగ్లీషులో స్థిరపడిన జంట పదం. వేర్వేరు సెట్లకు చెందినవాటిని విడదీసి, ఒకదానికొకటి నప్పేలా మళ్లీ జతపరచడం దీని అర్థం. బరువంతా రెండో మాట మీదే ఉంది. నప్పాలన్న షరతు లేకపోతే ఎన్ని రకాలు కలిపినా అది ఉత్త మిశ్రమమే. సెట్‌గా కొన్న చీర, జాకెట్టు అలాగే వేసుకున్నప్పుడూ ఈ మాట చెల్లదు. అక్కడ జత ఉంది కానీ, ఎంపిక లేదు. దీనికి దగ్గరగా కనిపించే 'పిక్ అండ్ చూజ్' నచ్చినవి ఏరుకోవడాన్నే చెబుతుంది, వాటిని కలపాలన్న నియమం అందులో లేదు.

పదాల వరుస మారదు. భూతకాలంలో రెండు క్రియలూ మారి 'మిక్స్‌డ్ అండ్ మ్యాచ్‌డ్' అవుతాయి. నామవాచకం ముందు విశేషణంగా వస్తే మూడు పదాల మధ్య హైఫన్లు పెడతారు. తెలుగులో 'చేసి', 'చేస్తే' తోడు చేసుకుని ఏ మార్పూ లేకుండా ఇమిడిపోయింది.

ఈ మాటకు పుట్టిల్లు లాంటిది దుస్తుల రంగం. అమెరికన్ డిజైనర్ క్లేర్ మెకార్డెల్ 1930వ దశకంలోనే ఒకదానితో ఒకటి మార్చి వేసుకోగల విడి దుస్తులు రూపొందించారు. కొద్ది బట్టలతోనే ఎన్నో జతలు కుదరడం ఈ పద్ధతిలోని అసలు లాభం. సాదా మంగళగిరి చీర మీదికి కలంకారీ జాకెట్టు వేసుకోవడం తెలుగు ఇళ్లలో అందరూ ఎరిగిన ఉదాహరణ.

కోవిడ్ కాలంలో ఈ మాట వైద్యంలోకి వచ్చింది. ఒక డోసు ఒక టీకా, తర్వాతి డోసు మరో టీకా ఇవ్వడాన్ని ఇలా పిలిచారు. శాస్త్ర పరిభాషలో ఇది హెటిరోలోగస్ టీకా విధానం. ఇక్కడ నప్పడం కంటికి కనిపించేది కాదు, పరీక్షల్లో తేలాల్సినది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2021లో జరిపిన కామ్-కోవ్ అధ్యయనంలో మొదట ఆస్ట్రాజెనెకా, నాలుగు వారాలకు ఫైజర్ తీసుకున్నవారిలో, రెండుసార్లూ ఆస్ట్రాజెనెకానే తీసుకున్నవారికంటే ఎక్కువ యాంటీబాడీలు కనిపించాయి. అయితే జ్వరం, ఒళ్లునొప్పుల వంటి తాత్కాలిక ఇబ్బందులు టీకా మార్చినవారిలోనే ఎక్కువ.

అదే ఏడాది ఉత్తరప్రదేశ్‌లోని సిద్ధార్థనగర్ జిల్లాలో కొందరికి కోవిషీల్డ్ తర్వాత పొరపాటున కోవాగ్జిన్ ఇచ్చారు. భారత వైద్య పరిశోధన మండలి వారిలో 18 మందిని పరిశీలించి, హాని జరగలేదని, రోగనిరోధక స్పందన బాగుందని తెలిపింది. నిజానికి టీకా వేసిన రోజున జరిగింది కలపడం మాత్రమే, నప్పిందని చెప్పడానికి ఆధారం ఈ పరిశీలనతోనే వచ్చింది. అంత చిన్న బృందంతో విధానం నిర్ణయించలేరు. టీకా మార్చి ఇవ్వడానికి అధికారిక ఆమోదం ఆ తర్వాతే వచ్చింది. 2022 జూన్‌లో హైదరాబాద్ సంస్థ బయోలాజికల్-ఇ తయారుచేసిన టీకా కార్బెవాక్స్‌కు, కోవిషీల్డ్ లేదా కోవాగ్జిన్ రెండు డోసులు పూర్తయిన పెద్దలకు ఆరు నెలల తర్వాత ఇచ్చే బూస్టర్‌గా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది.